గడియ పడని తలుపు

తలుపు పక్కన కూర్చున్నాను. ఇది పసిపిల్లల తల్లులు కూర్చునే చోటు. పిల్ల ఏడిస్తే ఎత్తుకుని బయటికి పోవడానికి వీలుగా చాప చివర వాళ్లకు వదిలేస్తారు. నాకు పసిపిల్ల లేదు, ఉన్నది కడుపు, అది ఏడ్చినా ఎత్తుకుని పరుగెత్తాల్సిందే, కాబట్టి ఈ చోటు నాదేనని తీర్మానించుకుని చాలా కాలమైంది. ముందు వరసల్లో ఆడవాళ్లు అలా అనుకోరు. నెలనెలా మొదటి ఆదివారం మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు, దాన్నే బల్ల అంటాం. మనసులో పాపం దాచుకున్నవాళ్లు ముట్టకూడదని పాస్టరుగారు ప్రతిసారీ హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక పూర్తయ్యే వేళకే నా కడుపు తిరగబడుతుంది, నేను లేచిపోతాను, ఇంకేం కావాలి వాళ్లకి. ఏం తప్పు చేసిందో, బల్ల ముందు కూర్చోలేకపోతోంది. తుర్కపల్లి మందుల కంపెనీలో పనట, క్యాబులో పోతుందట, ఆ క్యాబులో ఇంకా ఎవరెవరు వస్తారో. ఇవన్నీ నాతో ఎవరూ అనలేదు. అనక్కర్లేదు, తల మీద చెంగు సర్దుకునే నెపంతో వెనక్కి తిరిగి చూసే చూపు చాలు. ఇప్పుడే ఒకామె చూసింది. పొట్ట మీద చెయ్యి తీసేశాను. పొట్ట మీద చెయ్యి కనిపిస్తే ఇంకో రకం చూపు, ఏమైనా విశేషమా అని, అది ఇంకా అన్యాయం.

కీబోర్డు మొదలైంది. మగవాళ్ల వైపు మా ఆయన స్టీఫెన్ కళ్లు మూసుకుని పాడుతున్నాడు. మూసుకున్నాడా, నా వైపు చూడాల్సి వస్తుందని మూసుకున్నట్టు నటిస్తున్నాడా. ఈ రోజు ఆరాధన అయిపోగానే వాళ్లమ్మకి చెప్పాలి. శామీర్‌పేట ఇల్లు వదిలి నాగారంలో వేరే ఉంటామని. మాట అతనే ఎత్తాలని ఒప్పందం. చర్లపల్లిలో అతని పనికి నాగారం దగ్గరవుతుంది, అదే కారణంగా చెప్తాడు. అసలు కారణం అతనికీ తెలియదు. అసలు కారణం నా హ్యాండ్‌బ్యాగులో, చిన్న గాజు శాంపిల్ సీసాలో ఉంది. బ్యాగుని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను, పక్కన పిల్లతల్లి జరిగి కూర్చోమని అడిగినా కింద పెట్టలేదు.

కడుపు ఇప్పటికైతే ఊరుకుంది. ఊరుకుంటే ఇంకా భయం. బల్ల రోజు అందరూ ఏమీ తినకుండా వస్తారు, నేనూ తినలేదు, నీళ్లు కూడా పెదాలు తడిసేటంతే, కాబట్టి లోపల ఏమీ లేదు, ఏమీ లేనప్పుడు బయటికి రావడానికి ఏముంటుంది అని నేను దానికి చెప్తాను, అది వినదు. పెద్దపేగులో పుండ్లు. కొంపల్లి డాక్టరు కింది నుంచి కెమెరా పంపించి చూసి, ఇది పోయే జబ్బు కాదమ్మా, అణిగి ఉంటుంది, మళ్లీ లేస్తుంది, మాత్రలు మానొద్దు, నూనె, పాలు, కారం తగ్గించు, అన్నిటికన్నా ముఖ్యం టెన్షన్ తీసుకోకు అన్నాడు. టెన్షన్ తీసుకోకు. నేనేదో షాపుకి పోయి కొనుక్కుని వస్తున్నట్టు. ఆయన టేబులు మీద టీ కప్పు ఉంది, బిస్కెట్లు ఉన్నాయి, ఏది తింటే ఏమవుతుందోనని ఆ మనిషి జీవితంలో ఒక్క పూట కూడా ఆలోచించి ఉండడు. నేను పచ్చిమిరపకాయ ముక్కని పోలీసు చూసినట్టు చూస్తాను. ఎవరైనా పెళ్లికి పిలిస్తే వధూవరుల పేర్ల కంటే ముందు ఫంక్షన్ హాలు పేరు చదువుతాను. మేడ్చల్లో స్టీఫెన్ బాబాయి కొడుకు పెళ్లి మొత్తం నాకు తెలిసింది చప్పుడుగానే, బాత్రూం గోడ అవతల బ్యాండు, మైకు, చప్పట్లు. ఫోటోల్లో స్టీఫెన్ పక్కన నా చోట ఎవరో పెద్దమ్మ నిలబడి ఉంది. కోడలు మర్యాదకైనా ఫోటోలోకి రాలేదని అక్కడా ఒక మాట పుట్టింది.

పాట ఎత్తుకున్నారు, అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేనూ కొడుతున్నాను, ఎడమ పక్క పొట్ట కింద చిన్న మెలి. గ్యాసు అయ్యుంటుంది. గ్యాసే. గ్యాసని నమ్మి ఒకసారి క్యాబులో మోసపోయాను, ఆ తర్వాత నుంచి డ్రైవరు గౌరయ్య వెనక డోరు పక్క సీట్లో నన్ను తప్ప ఎవరినీ కూర్చోనివ్వడు, పెట్రోల్ బంకు రాగానే అద్దంలోంచి నా మొహం చూస్తాడు, ఆపమంటావా మేడం అని కళ్లతోనే అడుగుతాడు. దయగల మనిషి. కానీ ఎవరికి చెప్పాడో. మా ల్యాబులో నేను లోపలికి రాగానే ఇద్దరు మాట మార్చడం చూశాను. నా ఉద్యోగమే అనుమానించడం, తెల్లగా మెరిసే మాత్రలో ఉండకూడనిది ఏదైనా కలిసిందేమో చూడటం, అన్నీ బాగానే ఉన్నాయని కాగితం చెప్పినా నమ్మకపోవడం. జీతం ఇస్తున్నది దానికే. ఆ బుద్ధిని సాయంత్రం గేటు దగ్గర వదిలేసి ఇంటికి రమ్మంటే ఎలా వస్తుంది.

వదిలేసి వచ్చేదాన్నేమో, మా వెనకింటి బాలనర్సమ్మ ఆ మాట అనకపోయి ఉంటే. గోడ మీద నుంచి నన్ను చూసి, రోజురోజుకీ ఇట్లా అయిపోతున్నావేంటని మొదలుపెట్టి, చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గిది దవాఖాన రోగం గాదు బిడ్డా. నీకెవలో మందు వెట్టిన్రు. ఎవల చేతి కూడు తింటున్నవో జర సూస్కో." మందు పెట్టడమంటే మా వైపు తిండిలో తెలియకుండా ఏదో కలిపి మనిషిని లోపల్నుంచి ఎండబెట్టడం. దాన్ని కక్కించేవాళ్లూ ఉన్నారట, తనే తీసుకుపోతానంది. నేను నవ్వాను. ఎమ్మెస్సీ చదివాను, పైగా ప్రార్థన చేసుకునే ఇంటి కోడల్ని, ఇట్లాంటివి నమ్ముతానా అన్నాను. ఆ పూట అన్నం ముందు కూర్చున్నప్పుడు చెయ్యి కంచంలోకి పోలేదు. ఎవరి చేతి కూడు తింటున్నాను. ఎలీషమ్మ చేతి కూడు. మా అత్తమ్మ చేతి కూడు.

అప్పటి నుంచి చూడటం మొదలుపెట్టాను, చూస్తే అన్నీ కనిపించాయి. కూర అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డిస్తుంది, నాకు మాత్రం విడిగా, కారం లేకుండా చేశానని, చిన్న స్టీలు గిన్నెలో. ఆ గిన్నెలోంచి ఆమె ఒక్క ముద్ద తినదు, స్టీఫెన్ చెయ్యి పెట్టబోతే, అది క్రిస్టీనాది అని తోసేస్తుంది. ఆ గిన్నె నింపేటప్పుడు మాకు వీపు తిప్పుతుంది. ఒకసారి నీళ్ల కోసం వెళ్లినట్టు పక్కకి వెళ్లి చూశాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. చెయ్యి గిన్నె మీద అడ్డంగా ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి చెంగుతో చెయ్యి తుడుచుకుంది. ఏ తప్పూ లేని మనిషి ఎందుకు ఉలిక్కిపడాలి? ఉడికించిన సొరకాయ మీద పసుప్పచ్చగా నూనె తేలుతోంది, డాక్టరు వద్దన్న నూనె, నేను వద్దని చెప్పిన నూనె. పేట్ బషీరాబాద్‌లో అమ్మ దగ్గర ఉన్న రోజుల్లో కడుపు నీళ్లలా చల్లగా ఉంది. తిరిగి శామీర్‌పేట వచ్చిన మర్నాడే నెత్తురు పడింది. దీన్ని ఏమనుకోవాలి? నన్ను ప్రాణంగా చూసుకునే అత్త దొరికిందని మా అమ్మ పదిమందికీ చెప్పుకుంది, నేనూ చెప్పుకున్నాను. ఒక్కగానొక్క కొడుకుని ఎవరో పరాయింటి పిల్ల పట్టుకుపోయిందన్న మంట ఆమె మనసులో ఏ మూల ఉందో ఎవరు చూశారు. పిల్లలు కాలేదని ఉందా. జబ్బు మనిషి ఎందుకని ఉందా.

పోపుల డబ్బా వెనకాల ఒక సీసా దొరికింది. దగ్గు మందు సీసా, లేబులు గీకేసి ఉంది. గోటితో ఓపిగ్గా గీకినట్టు, జిగురు మరకలు మాత్రం మిగిలాయి. లోపల పసుప్పచ్చటి ద్రవం, సగానికి పైగా అయిపోయింది. అత్తమ్మ పాల కోసం బయటికి పోయిన వేళ అది. ల్యాబులో శాంపిలు తీసే పద్ధతి ఏదో అదే పద్ధతిలో నా చిన్న గాజు సీసాలోకి కొంచెం తీశాను, సీసా తిరిగి ఎలా ఉందో అలాగే పెట్టాను. రేపు ల్యాబులో చూద్దామనుకున్నాను. రేపు రేపంటూ ఇప్పటిదాకా చూడలేదు, ఎందుకు చూడలేదో నాకు తెలుసు. ఏమీ లేదని తేలితే నేనెలాంటి మనిషినో తేలుతుంది. ఏదైనా ఉందని తేలితే ఇక ఆ ఇంట్లో ఎవరి మొహం చూడను. అందుకే, ఏదీ తేలకుండానే, నాగారంలో ఇల్లు చూడమని స్టీఫెన్‌ని పోరాను. చూడటానికి వెళ్లినప్పుడు అతను హాలు, కిటికీలు, బోరు నీళ్లు చూస్తుంటే నేను ముందు బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసి గడియ పెట్టి చూశాను. టక్కున పడింది. ఆ చప్పుడు విని ఇదే తీసుకుందాం అన్నాను.

మెలి మళ్లీ వచ్చింది. పోయింది. ఇది గ్యాసు కాదు. చర్చి వెనక గోడ వారగా ఉన్న రేకుల బాత్రూం తలుపుకి గడియ పడదు, రేకు వంగిపోయి గడియకి, కొక్కేనికి మధ్య వేలెడు సందు వచ్చింది. ఆడవాళ్లు జంటగా పోతారు, ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ. నేనెవరినీ పిలవను. పిలిస్తే ఎంతసేపైందో లెక్కపెడతారు. లోపల కూర్చుని ఒక కాలు చాచి తలుపుకి ఆనించి, ఎవరి అడుగుల చప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించి, ఆ నొప్పిలో ఆ కాలు జారకుండా చూసుకుంటూ, ఏడుపు వస్తే ఏడవకుండా. ఇంట్లో కూడా అంతే. అత్తమ్మకి తెలియకూడదని లైటు వెయ్యను, చప్పుడు వినపడకుండా నల్లా తిప్పుతాను, నెత్తురు పడిన రోజున నవ్వుతూ టిఫిను డబ్బా కట్టుకుని పోతాను. మందు పని చేస్తున్నదని ఆమె లోపల సంబరపడకూడదు కదా.

పాస్టరుగారు స్వస్థత ప్రార్థన కోసం నూనె తెచ్చినవాళ్లు ముందుకు తెచ్చి పెట్టమన్నారు. ఇది కూడా నెలనెలా ఉండేదే. ఎవరింట్లో నూనె వాళ్లు ఏదో ఒక సీసాలో పోసుకొచ్చి ప్రసంగం చెప్పే పుల్పిట్ కింద పెడతారు, ఆయన ప్రార్థన చేశాక తీసుకుపోయి నొప్పి ఉన్నచోట రాసుకుంటారు, కొందరు తాగుతారు. జబ్బు మొదలైన కొత్తలో అత్తమ్మ నాకూ ఇవ్వబోతే, తేదీ లేదు, దేనిలో పోశారో తెలియదు, నేను నోట్లో పెట్టుకోనని పాస్టరమ్మ ముందే అన్నాను, అత్తమ్మ మొహం చిన్నబోయింది. ఒక్కొక్కరే లేస్తున్నారు. కొబ్బరినూనె డబ్బా. నీళ్ల బాటిలు. అత్తమ్మ లేచింది. తెల్లచీర, మోకాళ్ల నొప్పితో పక్కకి ఊగే ఆ నడక. చేతిసంచిలోంచి తీసి కింద పెట్టింది. చిన్న సీసా. దగ్గు మందు సీసా. లేబులు లేదు, జిగురు మరకలు ఇంతదూరానికి కనపడవు గానీ నాకు కనపడుతున్నాయి.

లేదు, అలాంటి సీసాలు ప్రతి ఇంట్లో ఉంటాయి. లేదు, అదే. గిన్నె మీద అడ్డంగా పెట్టిన చెయ్యి, కదిలే పెదాలు. ఆమె మంత్రం చదవలేదు, ప్రార్థన చేసింది. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు, ఒళ్లు మండింది. వద్దన్నాను కదా. నూనె పడదని డాక్టరు చెప్పినప్పుడు ఆమె పక్కనే ఉంది కదా. నా నోట్లోకి పోయేదాన్ని నాకు తెలియకుండా నిర్ణయించడానికి దేవుడైనా సరే ఎవరు? మళ్లీ వెంటనే ఇంకో ఆలోచన, ఇది పైకి చూపించే సీసా, ఇంట్లో ఇంకోటి ఉందేమో. ఛీ. నా బుర్ర ఇట్లా తయారైంది. బ్యాగులో సీసా మోకాలికి గుచ్చుకుంటోంది.

ఆమె వెనక్కి రాలేదు. మైకు ఇమ్మని అడిగింది. సాక్ష్యం చెప్తుందట. దేవుడు తనకి చేసిన మేలు పదిమందిలో చెప్పడం, ఎవరైనా చెప్పొచ్చు, కానీ అత్తమ్మ ఎప్పుడూ చెప్పలేదు, మైకు చూస్తేనే ఆమెకి నోరు పెగలదు. మైకు పట్టుకోవడం కూడా రాదు, గడ్డానికి ఆనించుకుంది.

"నా కోడలు క్రిస్టీనాకు కడుపుల పుండ్లు లేసినయి," అంది. నా తల తీసేసినట్టయింది. ఇంతకాలం నేను ఎవరి నోటా రానివ్వని మాట, స్పీకర్లలోంచి రోడ్డు దాకా వెళ్లింది. "ఏం దిన్నా ఆగకపాయె. పిల్ల పుల్ల లెక్క అయింది. నూనె తాగు బిడ్డా అంటే వద్దన్నది. గందుకే దానికి తెల్వకుంట కూరల ఏసిన. ఏసినప్పుడల్ల దేవుని పేరు దల్సుకున్న. ఇప్పుడు మంచిగైంది. లేసుడు లేదు, ఉరుకుడు లేదు. నవ్వుకుంట డ్యూటీకి పోతాంది."

స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ. ముందు వరసల్లో చెంగులన్నీ వెనక్కి తిరిగాయి. ఈసారి చూపులో పాపం లేదు, జాలి ఉంది, ఆనందం ఉంది, ఒకామె కళ్లు తుడుచుకుంటోంది. లైటు వెయ్యకుండా, నల్లా తిప్పి, బల్ల వేళ ఆమె ముందు వరసలో కళ్లు మూసుకుని ఉంటే సద్దు లేకుండా లేచిపోయి, నవ్వు అతికించుకుని నేను ఆమెకి చూపించిందంతా ఆమె నమ్మింది. ఆమె నూనె దాచింది, నేను రోగం దాచాను, రెండూ కలిసి ఇక్కడ మైకులో మేలుగా మారిపోయాయి. స్టీఫెన్ కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు. అతనికి తెలుసు తగ్గలేదని. అప్పుడు వచ్చింది, మెలి కాదు, అసలైనది, ఎడమ పక్క నుంచి కత్తి దిగినట్టు దిగి కిందికి తోసుకుంటూ. ఆగు. కొంచెం ఆగు. నేను ఇప్పుడు లేస్తే ఆమె మాట పోతుంది. జీవితంలో మొదటిసారి నోరు తెరిచిన మనిషి అబద్ధాలకోరు అవుతుంది, దేవుడి ముందు, ఊరి ముందు. మంచిదే, కావాలి ఆమెకి. వద్దు, అట్లా కాకూడదు. వేళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. వీపు మీద చెమట. ఊపిరి చిన్నగా, ఇంకా చిన్నగా.

"అమ్మా క్రిస్టీనా, లేచి నిలబడి నువ్వు కూడా ఒక్క మాట చెప్పు తల్లీ," అన్నారు పాస్టరుగారు. మైకు చేతులు మారుతూ నా వైపు వస్తోంది. అందరూ నవ్వుతూ ఎదురు చూస్తున్నారు. అత్తమ్మ కూడా, అక్కడే నిలబడి, చేతులు కట్టుకుని, బడిలో ప్రైజు వచ్చిన పిల్లని చూసినట్టు నన్ను చూస్తోంది. నిలబడ్డాను. నిలబడటమే తప్పైంది, ఇక కూర్చోవడానికి లేదు, మాట్లాడటానికి లేదు. మైకు అందించబోయిన చెయ్యిని తోసేసి తలుపు దాటాను. వెనక ఎవరో అరే అన్నారు. ఆ తర్వాత స్పీకర్లలో గరగర.

చెప్పులు వేసుకోలేదు, కంకర గుచ్చుకుంది, రేకు తలుపు లాగాను. సమయానికి అందుకున్నాను, అదొక్కటే మిగిలిన మర్యాద. కాలు చాచి తలుపుకి ఆనించాను. నొప్పికి కాలు వణుకుతోంది, నిలవడం లేదు, తలుపు తెరుచుకుంటోంది. నెత్తురు. మళ్లీ నెత్తురు. అంతలో అడుగుల చప్పుడు. ఎవరో చూడటానికి వస్తున్నారు. నిజమా కాదా, తగ్గిందా లేదా, కళ్లారా చూసి పోవడానికి. తలుపు బయటి నుంచి మూసుకుంది. గట్టిగా, సందు లేకుండా. రేకు కింద రెండు పాదాలు, పగిలిన మడమలు, తెల్లచీర అంచు.

"నేన్ పట్టుకున్న. కాలు దియ్యి. నిమ్మలంగ కానియ్యి."

కాలు తీశాను. తలుపు కదల్లేదు. లోపల పాట మారింది, బల్ల ముందు పాడే పాట. అత్తమ్మకి జ్వరం వచ్చినా బల్ల తప్పదు, మామయ్య చనిపోయిన వారంలో కూడా వచ్చి తీసుకుందని చెప్తారు.

"నువ్వు పో అత్తమ్మా. బల్ల ఇస్తున్రు."

"ఇయ్యనీ. వచ్చే నెల ఇయ్యరా ఏంది."

నల్లా తిప్పబోయి ఆగిపోయాను, ఇప్పుడు ఎవరి నుంచి దాచాలి. అన్నీ ఆమెకి వినపడుతున్నాయి. వినపడనీ. ఏడుపు వచ్చింది, ఆపలేదు.

"తగ్గలేదా బిడ్డా?"

"తగ్గలే."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నూనె సంగతి నువ్వు జెప్పినవా?"

పాదాలు ఒకదాని మీద ఒకటి రాసుకున్నాయి. "ఇగ ఎయ్య," అంది. నాకు నమ్మకం లేదు. ఈ పూట కూడా నేను ఆ చెయ్యిని చూస్తాను, రేపూ చూస్తాను, ఆమె వీపు తిప్పితే పక్కకి జరిగి చూస్తాను, నా వల్ల కాదు చూడకుండా ఉండటం. కానీ ఆ చెయ్యే ఇప్పుడు తలుపు మీద ఉంది. ఎక్కడ వదిలేస్తుందోనని రేకు అంచున కనిపిస్తున్న నాలుగు వేళ్లనే చూస్తున్నాను. వేళ్ల చివర్లు తెల్లబడ్డాయి, అంత గట్టిగా పట్టుకుంది.

"నాగారంల ఇల్లు జూసిన్రంట గద," అంది.

స్టీఫెన్ చెప్పేశాడా, ఎప్పుడు చెప్పాడు, నా గురించి ఏమని చెప్పాడు. ఆమె గొంతులో కోపం వెతికాను. దొరకలేదు. మళ్లీ వెతికాను.

"ఆడ బాత్రూం తలుపుకు గడియ మంచిగ పడ్తదా?"

టక్కున పడుతుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"చూడలే అత్తమ్మా," అన్నాను.